ఖాళీ కారు వణుకు

కారు అరవై దాటగానే ఇమాం హుస్సేన్ కట్టుడు పళ్ళు ఊడి ఒళ్ళో పడ్డాయి.

తరవాత లోపలి అద్దం ఊడి పక్క సీట్లో పడింది. దాని వెనకే, డాష్‌బోర్డు మీద మడిచి పెట్టుకున్న కళ్ళజోడు పీతలాగా అడ్డంగా నడుచుకుంటూ వెళ్ళి, తెరిచిన కిటికీలోంచి హైవే మీదకి దూకేసింది. గేరు పిడి పట్టుకుంటే, పట్టుకున్న చెయ్యి తనదేనా అని అనుమానం వచ్చేట్టు ఆడుతోంది. సీటు కింద మొదలైన గుడగుడ నడుములోంచి పైకెక్కి, పుర్రెలో ఒక చుట్టు తిరిగి, చెవుల్లోంచి బయటికి పోతోంది. పక్కనుంచి పత్తి లోడుతో పోతున్న లారీ డ్రైవరు తల బయటపెట్టి, "ఓ మామా! కారుకి చలిజ్వరమా ఏంటి?" అని అరిచి మరీ వెళ్ళిపోయాడు.

ఇమాం హుస్సేన్ కారు పక్కకి తీసి ఆపాడు. పళ్ళు చేతిలోనే ఉన్నాయి. నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. అందులోంచి మాట మాత్రం రావడం లేదు.

ఆయన నోరు మాట లేకుండా తెరుచుకుని ఉండటం చిలకలూరిపేట లారీ షెడ్ల వరసలో ఎవరూ చూసి ఎరగరు. అన్నం తినేటప్పుడు కూడా ఆ నోట్లోంచి లోపలికి పోయే ముద్దలకన్నా బయటికి వచ్చే కథలే ఎక్కువ. ఆయన షాఫ్టు బిగించిన లారీ ఒకటి వినుకొండ కొండ ఎక్కేసి, పైన తిప్పుకోడానికి చోటు లేక రివర్సులోనే దిగొచ్చిందట. ఇంకో లారీలో డ్రైవరు టీ గ్లాసు ఇంజను మూత మీద మర్చిపోయి కనిగిరి దాకా వెళ్తే, టీ మీద కట్టిన మీగడ ముడత పడలేదట. ఇవన్నీ ఎవరు చూశారయ్యా అని అడిగితే, "ఏం, నేను చూళ్ళా?" అనేవాడు. ఆ తరవాత అడగడానికి ఏముంటుంది?

అయితే కథలు ఎలా ఉన్నా పని మాత్రం పనే. ఇంజను నుంచి వెనక ఇరుసుకి తిరుగుడు తీసుకెళ్ళే పొడుగాటి గొట్టం ఉంటుంది చూశారూ, షాఫ్టు, దాన్ని వణుకు లేకుండా కూర్చోబెట్టడంలో పేటలో ఆయన తరవాతే ఎవరైనా. అందుకే జిన్నింగు మిల్లు నాగేంద్రబాబు ఏరికోరి ఆయన దగ్గరికే వచ్చాడు. నాగేంద్రబాబు ఎక్కడో పాత అంబాసిడర్ డొల్ల ఒకటి సంపాదించాడు. దానికి పికప్ బండి డీజిల్ ఇంజనూ, దాని వెనక ఇరుసూ బిగించి, పైకి పెద్దమనిషిలా, లోపల కుర్రాడిలా ఉండే కారు కావాలన్నాడు.

ఇమాం హుస్సేన్ కొడుకు మాలిక్‌కి ఇది నచ్చలేదు. మాలిక్‌ది బస్టాండు పక్కన సీటు కవర్లూ స్టిక్కర్లూ అమ్మే కొట్టు. తండ్రి షెడ్డుని గోడౌను చేసుకోవాలని వాడికి ఎప్పట్నుంచో ఉంది.

"నాన్నా, నువ్వు లారీల మేస్త్రివి. కార్ల సంగతి వేరే. అవి సుకుమారం. నీ సుత్తి దెబ్బలకి తట్టుకోవు" అన్నాడు టీకొట్టు దగ్గర, పదిమందిలో.

పదిమందిలో అనకపోతే ఏ గొడవా లేకపోయేది. ఇమాం హుస్సేన్ టీ గ్లాసు టపీమని బల్ల మీద పెట్టి లేచాడు.

"ఒరేయ్ మాలిక్కూ, ఇనుకో. ఎనభైలో పోతుంటే ఈ కారు ఈకంత వణికినా సరే, షెడ్డు తాళం నీ చేతిలో పెట్టి, నీ స్టిక్కర్ల కొట్లో కూచుని, కుర్రాళ్ళ బండ్లకి పేర్లంటిస్తా. ఇది ఇమాం హుస్సేన్ మాట. అందరూ ఇన్నారుగా?"

అందరూ విన్నారు. ఆదివారం సాయంత్రం నాగేంద్రబాబు కారు తోలి చూసుకోడానికి వస్తాడు. ఇవాళ శనివారం. కారు అరవైకే ఇలా ఊగిపోతోంది.

ముప్పైకి మించకుండా, జబ్బుపడ్డ గేదెని ఇంటికి తోలుకొచ్చినట్టు కారుని షెడ్డుకి తెచ్చాడు. తెచ్చీ తేవడంతోనే కేక వేశాడు.

"సుభానీ! ఎక్కించరా!"

సుభానీ పక్క మిర్చి గోడౌనులో హమాలీ. ఏమెక్కించాలో అడగలేదు. మిర్చి టిక్కీలు, అంటే ఎండుమిర్చి కుక్కి కుట్టిన పెద్ద గోతాలు, భుజాన వేసుకొచ్చి వెనక సీట్లో కొన్నీ డిక్కీలో కొన్నీ సర్దాడు. ఈ షెడ్డులో అది రివాజు. బరువెక్కకుండా బండికి షాఫ్టు కోణం చూడటమంటే ఇమాం హుస్సేన్ లెక్కలో మనిషి లేకుండా చొక్కాకి కొలతలు తియ్యడమే. పత్తి బోరాలో మిర్చి టిక్కీలో నిండుగా ఎక్కి, బరువు మోసే కమాను పట్టీలు కిందికి వంగి, బండి తన అసలు మట్టానికి వచ్చాకే ఆయన వాలు కొలిచే రసమట్టం బయటికి తీసేవాడు. లారీలకి అంతే, ట్రాక్టరు తొట్లకి అంతే. కారుకి మాత్రం వేరే ధర్మం ఉంటుందా? ఈ కారుకి కూడా మొదటే ఇలాగే చూసి బిగించాడు. కుక్కి ఎక్కే మన జనం సంగతి తెలుసు కనక, వెనక కమాను కట్టలో ఒక పట్టీ ఎక్కువే వేశాడు.

కింద దూరి పడుకున్నాడు. గేర్‌బాక్సు తోక మీద రసమట్టం పెట్టాడు. మూడు డిగ్రీలు కిందికి. వెనక ఇరుసు మధ్యలో గుండ్రటి హౌసింగు ఉంటుంది. దాని ముక్కు మీద పెట్టాడు. మూడు డిగ్రీలు పైకి. కిందికి ఎంతో పైకి అంతే. ఇంక షాఫ్టు రెండు కొసల్లో కీళ్ళలా ఉండే క్రాసులు ఒకదాని కుదుపుని ఒకటి మింగేస్తాయి. ముందు క్రాసు తోస్తే వెనక క్రాసు లాగుతుంది, మనిషికి తెలిసేది సున్నా. పోనీ పూర్తిగా తిన్నగా ఒకే గీతలో పెడదామా అంటే, క్రాసు గిన్నెల్లో ఉండే సూదుల్లాంటి బేరింగులు కదలక ఒకేచోట గుంటలు పడిపోతాయి. మూడుకి మూడు. అది పడింది. వెంట్రుకవాసి తేడా లేదు.

ఇమాం హుస్సేన్ కారు కిందే చాలాసేపు వెల్లకిలా ఉండిపోయాడు.

"మామా, నిద్రపోయావా?" అన్నాడు సుభానీ.

"కరెక్టుగా ఉందిరా."

"మంచిదేగా!"

"మంచిదేంట్రా! కరెక్టుగా ఉంటే వణకదుగా!"

సుభానీకి అర్థం కాలేదు. టిక్కీలు వేరేవాళ్ళ సరుకు కనక దించి తీసుకుపోయాడు. ఇమాం హుస్సేన్ క్రాసులు రెండూ విప్పి కొత్తవి వేశాడు. షాఫ్టు లేతు షెడ్డుకి పంపి బరువు సమంగా ఉందో లేదో చూపించాడు. ఉంది. రెండు కొసల్లో క్రాసుని పట్టుకునే చెవులూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూశాడు. ఉన్నాయి. బిగించి మళ్ళీ హైవే ఎక్కాడు.

ఈసారి పళ్ళు ముందే జేబులో పెట్టుకున్నాడు. మంచిపని చేశాడు. అరవై దాటేసరికి కొత్తగా కట్టించిన హారన్ దానంతట అదే మోగడం మొదలుపెట్టింది. రోడ్డు పక్క మేస్తున్న మేకలు ఎవరో పిలుస్తున్నారనుకుని కారు వెంట పడ్డాయి.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని అన్నంలో వేలు పెట్టి గీతలు గీస్తుంటే, భార్య ఖుర్షిదా చూసి చూసి అడిగింది.

"ఏమండీ, గోంగూర వడ్డించి ఎంతసేపయింది? ఆ వేలితో ఎవరి జాతకం రాస్తున్నారు?"

"మూడుకి మూడు పడింది ఖుర్షిదా. అయినా వణుకుతుంది."

"అయితే రసమట్టం తప్పేమో."

"నా తాత తప్పయితే అవుద్దిగానీ అది తప్పు కాదు."

"మీ తాతని నేనెరగను. మీ మాట ఎరుగుదును. రేపు సాయంత్రం మీ కొడుకు తాళానికి చెయ్యి చాపుతాడు. ఏం చేస్తారు?"

ఇమాం హుస్సేన్ గోంగూర కలుపుకున్నాడు. మొగుడు ఒక్క కోత కూడా కొయ్యకుండా అన్నం ముగించి లేవడం కాపురానికి వచ్చాక ఖుర్షిదా అదే మొదటిసారి చూడటం. ఆమెకి నిజంగానే భయం వేసింది. నుదురు పట్టుకుని చూసింది. జ్వరం లేదు.

ఆదివారం పొద్దున మళ్ళీ సుభానీ వచ్చాడు, మళ్ళీ టిక్కీలు ఎక్కాయి, మళ్ళీ రసమట్టం మూడుకి మూడు చూపించింది. ఇమాం హుస్సేన్ రసమట్టాన్ని కళ్ళకెదురుగా పట్టుకుని, అబద్ధం చెప్పే పిల్లాడి మొహం చూసినట్టు చూశాడు. లోపలి బుడగ అమాయకంగా మధ్యలో నిలబడింది. టిక్కీలు దిగాయి. ఇంక చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. మధ్యాహ్నం దాటాక ఆఖరుసారి అని కారు తీసుకుని మార్టూరు రోడ్డున పడ్డాడు. ఎందుకంటే ఆయనకే తెలీదు. షెడ్డులో కూర్చుంటే తాళం కనపడుతోంది, అంతే.

యాభైలో మెల్లగా పోతుంటే రోడ్డు పక్కన తెల్లచీరల గుంపు చేతులూపింది. చర్చి పాటల బృందం. ముందు నిలబడ్డ దేవకుమారి వాళ్ళకి పెద్ద. ఆమె మొగుడి లారీకి ఇమాం హుస్సేనే మేస్త్రి.

"అన్నయ్యా, ఆపండాపండి! ఆటో టైరు పగిలింది. నాలుగింటికి పేటలో కూటం. పాస్టరుగారు మా మీద అలిగితే వారమంతా అలుగుతారు. కాస్త దింపరూ?"

"ఎంతమందమ్మా?"

"ఎంతో మందిమి కాదులే" అంటూనే ఎక్కడం మొదలుపెట్టారు. ముందు సీట్లో ఇద్దరు. వెనక నలుగురు, వాళ్ళ ఒళ్ళో ఇద్దరు. ఇంకా ఇద్దరు మిగిలితే డిక్కీ మూత తెరిచి, కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చున్నారు. ఒకామె హార్మోనియం పెట్టె కూడా ఎక్కించింది. కారు వెనక భాగం ఉస్సూరుమని కిందికి దిగింది.

ఇమాం హుస్సేన్ బండి వెనక్కి తిప్పి పేట వైపు పోనిచ్చాడు. "అమ్మా, గట్టిగా పట్టుకోండి. అరవై దాటితే కారు కొంచెం... మంకుతనం చేస్తది" అన్నాడు.

అరవై దాటింది. ఆయన పళ్ళు బిగబట్టాడు.

డెబ్బై దాటింది.

ఏమీ లేదు. గేరు పిడి మీద చెయ్యి పెట్టి చూశాడు. నిద్రపోతున్న పిల్లి వీపు మీద పెట్టినట్టుంది. ఎనభై. కారు నీళ్ళ మీద పోతున్నట్టు పోతోంది. వెనక ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు.

"ఆపండి!" అని అరిచాడు ఇమాం హుస్సేన్.

పాట గొంతుల్లోనే నిలిచిపోయింది. దేవకుమారి బెదిరిపోయింది. "ఏమైందన్నయ్యా? ఏం మోగింది?"

"ఏమీ మోగట్లేదమ్మా! అదే నా ఏడుపు!"

కారు పక్కకి ఆపాడు. తను దిగి, డిక్కీలో ఇద్దర్నీ ఒళ్ళో ఇద్దర్నీ చేతులు జోడించి దిగమన్నాడు. వాళ్ళు మొహమొహాలు చూసుకుని దిగారు. ఆయన కారెక్కి కొంతదూరం పోనిచ్చాడు. డెబ్బై దగ్గర సీటు కింద సన్నగా గుడగుడ మొదలైంది. ఆపి, వెనకున్నవాళ్ళని కూడా దించేశాడు. ముందు సీట్లో ఉన్న దేవకుమారితో, ఆమె పక్కావిడతో ఇంకొంచెం పోయాడు. వెనక తలుపు పిడి గణగణలాడింది. వెనక్కి తిప్పుకొచ్చి, "ఎక్కండమ్మా, అందరూ ఎక్కండి!" అన్నాడు.

"అన్నయ్యా" అంది దేవకుమారి అనుమానంగా, కొంచెం దగ్గరికొచ్చి వాసన చూసి, "మీరు తాగరుగా?"

"ముట్టను తల్లీ. ఎక్కు."

ఎక్కారు. ఎనభై. పిల్లి వీపు.

అప్పుడు తట్టింది ఇమాం హుస్సేన్‌కి. తట్టిందనడం తక్కువ, టిక్కీ వచ్చి నెత్తిన పడినట్టయింది. రసమట్టం అబద్ధం చెప్పలేదు. కొలిచిన ప్రతిసారీ మూడుకి మూడే. కానీ కొలిచిన ప్రతిసారీ టిక్కీలు ఉన్నాయి, తోలిన ప్రతిసారీ లేవు! ఖాళీ కారుకి ఆ ఎక్కువ పట్టీ ధాటికి వెనక భాగం కోడిపెట్ట తోకలాగా పైకి లేచిపోతోంది. కారు ముందుకి ఒంగితే ఇంజనూ దాంతోపాటు ఒంగుతుంది, ఇటు ఇంజను కోణం ఒక డిగ్రీకి తగ్గుతుంది, అటు ఇరుసుది మూడే ఉంటుంది. ఇంక క్రాసులు ఒకదాన్నొకటి ఏం మింగుతాయి, కొట్టుకు చస్తాయి గానీ. ఇన్నేళ్ళలో ఈ సంగతి ఎందుకు బయటపడలేదంటే, ఈ నేల మీద ఖాళీగా పోయే బండిని ఆయన ఎప్పుడూ కట్టలేదు.

వాళ్ళని చర్చి దగ్గర దింపి షెడ్డుకి వచ్చేసరికి నాగేంద్రబాబూ మాలిక్కూ నిలబడి ఉన్నారు. చుట్టూ టీకొట్టు జనం మొత్తం.

"ఏం హుస్సేను గారూ, తాళం చెవి ఇటివ్వండి. ఒక రౌండు వేసొస్తా" అన్నాడు నాగేంద్రబాబు చెయ్యి చాపి.

ఒక్క క్షణం ఇమాం హుస్సేన్ మనసు చర్చి వైపు పోయింది. కూటం అయ్యేదాకా నాగేంద్రబాబుని ఎలాగోలా ఆపి, ఆ పాటలవాళ్ళని మళ్ళీ ఎక్కించి, అందరితో కలిపి తోలించేస్తే? ఎనభైలో నిద్రపోయే పిల్లి. షెడ్డు దక్కుతుంది. మాలిక్ నోరు మూతపడుతుంది.

"బాబూ, ఒక మాట. ఈ కారులో మామూలుగా ఎంతమంది ఎక్కుతారు?"

"నేనే."

"మీరూ, ఇంకా?"

"ఇంకెవరూ లేరండీ. మా ఆవిడకి ఏసీ బండి కావాలి, దీన్లో కాలు పెట్టదు. మిల్లు నుంచి ఇంటికి నేనొక్కణ్ణే పోయొస్తా, కాస్త ప్రశాంతంగా."

"ఒక్కరేనా?" ఇమాం హుస్సేన్ గొంతు కీచుమంది. "ఇంత కారులో? వెనక ఎవరూ... డిక్కీలో ఓ రెండు బస్తాలైనా..."

"బస్తాలెందుకండీ కారులో!"

ఇమాం హుస్సేన్‌కి కారు వణికినప్పుడు కూడా ఇంత దెబ్బ తగల్లేదు. ఊళ్ళో సైకిలు మీదే ముగ్గురు పోతారు. టీవీఎస్ మీద మొగుడూ పెళ్ళాం ఇద్దరు పిల్లలూ ఒక మేకపోతూ పోవడం మొన్ననే చూశాడు. ఐదుగురు కూర్చునే కారుని ఒక్క మనిషి, ఒక్కడే, ప్రశాంతంగా... ఆయన కారు వంకా నాగేంద్రబాబు వంకా మార్చి మార్చి చూసి, పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

మాలిక్ నవ్వు ఆపుకుంటూ, "ఏంటి నాన్నా, కారు తాళం చెవి ఇవ్వవా?" అన్నాడు.

"ఇవ్వను. వణుకుద్ది" అన్నాడు ఇమాం హుస్సేన్.

టీకొట్టువాడి చేతిలో జల్లెడ ఒంగి, టీ కిందికి కారిపోతోంది. ఇమాం హుస్సేన్ నోట్లోంచి ఆ మాట వస్తుందని అక్కడెవరూ కల్లో కూడా అనుకోలేదు.

"టిక్కీలకి సరిపోయేట్టు కట్టాను బాబూ. మనిషికి కట్టలేదు. చీకటి పడేలోపు మార్చేస్తా. కానీ మీరు అందులో కూచోవాలి."

"నేనెందుకు?"

"ఇప్పుడు బరువు మీరే."

నాగేంద్రబాబుని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టారు. ఇమాం హుస్సేన్ వెనక కట్టలోంచి ఎక్కువ పట్టీ ఊడదీశాడు. కమాను కట్టకీ హౌసింగుకీ మధ్య ఏటవాలుగా ఉండే ఇనపబిళ్ళలు మార్చి, హౌసింగు ముక్కు కొద్దికొద్దిగా దించుతూ వచ్చాడు. పైన ఎండకి కారు కప్పు పెనంలా కాలుతోంది.

"హుస్సేను గారూ, ఫోనొచ్చింది. ఒక్కసారి దిగనా?"

"కదిలితే కోణం పోద్ది బాబూ."

"పోనీ మంచినీళ్ళు?"

"పని అయ్యాక. ఇప్పుడు తాగితే బరువు మారుద్ది."

అది కోతే. కానీ నాగేంద్రబాబు నమ్మి, ఊపిరి కూడా కొద్దికొద్దిగా పీల్చుకుంటూ కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా నాగేంద్రబాబు ఒంటరిగా హైవే ఎక్కి వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు కారు వచ్చిన సంగతి ఎవరికీ తెలియలేదు, అంత మెత్తగా వచ్చి ఆగింది. దిగి ఇమాం హుస్సేన్ రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. జనం చప్పట్లు కొట్టారు. మాలిక్ కూడా తల వంచి, "గెలిచావు నాన్నా" అన్నాడు.

ఇమాం హుస్సేన్ జేబులోంచి షెడ్డు తాళంచెవి తీసి వాడి చేతిలో పెట్టాడు.

"ఇదేంటి?"

"ఈకంత వణికినా అన్నాను. నిన్నంతా వణికింది. కోతలు వేరు, మాట వేరురా."

ఇప్పుడు నోరు తెరుచుకుని నిలబడటం మాలిక్ వంతయింది.

సోమవారం పొద్దున్నే ఇమాం హుస్సేన్ తెల్లచొక్కా వేసుకుని, స్టిక్కర్ల కొట్లో ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నాడు. మొదటి బేరం ఒక కుర్రాడు, పల్సరు మీద వచ్చాడు. ట్యాంకు మీద అమ్మాయి పేరు వెయ్యమన్నాడు.

"పేరు సరే, చైను ఇంత ఒదులుగా పెట్టుకుని ఆ పిల్లనెక్కడికి తీసుకుపోతావురా? మధ్యలో పడేస్తావా? దిగు."

మాలిక్ సీటు కవర్ల లోడు దించుకోడానికి గుంటూరు వెళ్ళాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి చూస్తే కొట్టు ముందు ఐదు మోటారుసైకిళ్ళు, ఒక ఆటో, విప్పి పరిచి ఉన్నాయి. పల్సరు చైను తెల్లటి లెదర్ కవరు మీద డీజిల్లో నానుతోంది. ఆటో గేర్‌బాక్సు మిలమిలలాడే కొత్త సీటు మీద కూర్చుని ఉంది. లోపల్నుంచి డీజిలు వాసన. ఒక్క స్టిక్కరూ అమ్ముడుపోలేదు. బండ్ల తాలూకు మనుషులంతా చుట్టూ గొంతుక్కూర్చుని, వినుకొండ కొండ మీంచి లారీ రివర్సులో ఎలా దిగిందో నోళ్ళు వెళ్ళబెట్టి వింటున్నారు.

మాలిక్ నేరుగా తండ్రి దగ్గరికి నడిచి, గ్రీజు చెయ్యి పట్టుకుని, అందులో షెడ్డు తాళంచెవి పెట్టి, వేళ్ళు గట్టిగా మూసేశాడు.

"ఏరా?" అన్నాడు ఇమాం హుస్సేన్. "ఇంకా ఆటో అవలేదు."

"షెడ్డుకి తోసుకుపో నాన్నా. నీ కాళ్ళు పట్టుకుంటా. అన్నీ తోసుకుపో."

ఇమాం హుస్సేన్ లేచి, తెల్లచొక్కాకి చేతులు తుడుచుకుని, ఆటో వెనక భుజం ఆనించాడు. తోస్తూ తోస్తూ, చుట్టూ ఉన్నవాళ్ళతో అన్నాడు: "ఊరికే నిలబడతారేంట్రా? ఇద్దరు లోపలెక్కి కూచోండి. ఖాళీ బండి తొయ్యడం నాకలవాటు లేదు."